ముప్పై ఎనిమిదో ఎడం

1వ రోజు

బయట ఉదయం ఐదింటికి నలభై నాలుగు డిగ్రీలు, లోపల ముప్పై ఒకటి. రెండో గాలి ఫ్యాను మళ్ళీ గురక పెడుతోంది. ఆయిల్ వేయమని చీటీ పంపాను. జనం రెండు వందల పన్నెండు. ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు.

అసలు సంగతి వేరే ఉంది. నిన్న నాలుగో సొరంగం పైకప్పు పగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, సొరంగాన్ని రాళ్ళు పేర్చి మూసేశారు. ఇక కొళాయికైనా క్యాంటీన్‌కైనా గేటుకైనా మూడో సొరంగం ఒక్కటే దారి. బండ సొరంగంలో పడలేదు, నా నెత్తిన పడింది.

ఎండకు తాళలేక మేం తలదాచుకున్న ఈ రాతిగనిలో డ్యూటీ చార్టు రాసేదాన్ని నేనే. ఇరవై రెండేళ్ళుగా రాస్తున్నాను. ఎవరు ఎప్పుడు నీళ్ళు పట్టుకోవాలి, ఎవరు ఎప్పుడు తినాలి, తెల్లారకముందే పైకెళ్ళి సోలార్ పలకల మీద దుమ్ము తుడిచేది ఎవరు, అన్నీ నా చార్టులోనే ఉంటాయి. అది రాయాలంటే ముందు ఎడం పుస్తకం తెరవాలి. ఎవరికి ఎవరి ముఖం కనపడకూడదో అందులో ఉంటుంది. ఇవాళ్టికి తొంభై ఏడు ఎడాలు. రెండు సొరంగాలున్నప్పుడే తల ప్రాణం తోకకి వచ్చేది. ఒక్క సొరంగంలో ఇంతమందిని ఒకరికొకరు ఎదురుపడకుండా నడిపించడం ఎలా?

మధ్యాహ్నం దాకా కుస్తీ పట్టి, పెన్సిల్ విసిరేసి, పంచాయతీ పెద్ద ఉరుకుందప్ప దగ్గరికి వెళ్ళాను.

"ఏమప్పా, ఇంగ నా చేత గాదు. ఈ చార్టేదో నువ్వే రాసుకో."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "నేనూ అదే ఆలోచన జేస్తాండా, మద్దిలేటమ్మా. నువ్వు ముందు కూసో."

ఆయన కూర్చోమన్నాడంటే వినాల్సింది మంచి మాట కాదు.

2వ రోజు

పంచాయతీ తీర్మానాన్ని క్యాంటీన్‌లో మూడు విడతలుగా చదివి వినిపించారు. ఎడాలున్న వాళ్ళను ఒకేసారి కూర్చోబెట్టడం కుదరదు కదా. ముప్పై రోజుల గడువు ఇచ్చారు. ఎడం రాయించిన వాళ్ళు ఆలోపు దాన్ని కొట్టేయించుకోవాలి. లేదంటే ఇద్దరిలో ఒకరు దిగువ గనికి వెళ్ళిపోవాలి. రాయించిన వాళ్ళకు ఇక్కడే ఉండే హక్కు ఉంది కాబట్టి అవతలి మనిషి వెళ్తాడు.

దిగువ గనికి రెండు రోజుల నడక. పగలంతా బండల నీడన పడుకుని, చల్లబడ్డాక నడవాలి. కాళ్ళలో బలమున్న వాళ్ళకే కష్టం.

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చునే వాళ్ళ కోసం నాలుగు ముక్కలు రాస్తాను. మా తాతల కాలంలో ఒక బిందె నీళ్ళ కోసం కొట్టుకుని ముగ్గురు చచ్చారట. ఇంత ఇరుకులో పగ పెట్టుకుని ఎదురెదురుగా తిరిగితే అందరం చస్తామని అప్పుడే ఈ పద్ధతి పెట్టారు. ఎడం రాయించాక ఆ ఇద్దరూ ఒకరినొకరు చూడకూడదు. ఒకరి కబురు ఇంకొకరికి ఎవరూ మోయకూడదు, పెళ్ళయినా చావయినా సరే. మోస్తే నెల రోజులు స్నానం నీళ్ళు బంద్. రాయించిన వాళ్ళు అవతలి మనిషి ఎదుటికొచ్చి నోటితో చెబితేనే ఎడం పోతుంది. మంచి పద్ధతే. ఆ తర్వాత ఇక్కడ కత్తులు లేవలేదు. ఎడాలు మాత్రం ఏటేటా పెరిగాయి.

నాది ముప్పై ఎనిమిదోది. నేనే రాయించాను, నా చేత్తోనే రాసుకున్నాను. దస్తగిరి మీద.

తీర్మానం విన్నప్పుడు నాకేమనిపించిందో దాచుకోను. సంతోషమేసింది. పోనీ, ఆ రాళ్ళ వెంబడి వాడూ ఒకసారి ఎండలో నడవనీ అనుకున్నాను.

8వ రోజు

ఎడాలు రాలిపోతున్నాయి. ఇవాళ ఒక్కరోజే పదకొండు కొట్టేశాను.

తోడల్లుళ్ళిద్దరు కోళ్ళగూడు గురించి ఆరేళ్ళుగా ఎడంగా ఉన్నారు. వాళ్ళ కోళ్ళు ఎప్పుడో చచ్చిపోయాయి. ఇద్దరూ నా బల్ల ముందు నిలబడి ఒకరి బట్టతల ఒకరు చూసుకుని, "నీకూ పోయిందే!" అని పగలబడి నవ్వారు. మరో ఇద్దరు ముసలమ్మలకు గొడవ దేనికో కూడా గుర్తు లేదు. కారణం చదవమంటే చదివాను. "పిండి జల్లెడ అడిగితే లేదు అన్నది." ఆ జల్లెడ నాదంటే నాదని మళ్ళీ మొదలుపెట్టబోయారు. నేను గబగబా గీత కొట్టి సంతకాలు తీసుకున్నాను.

అందరూ వెళ్ళాక ఏడుపొచ్చింది. జల్లెళ్ళూ కోళ్ళగూళ్ళూ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. నా కారణం గడిలో ఏముందో నాకు చూడకుండానే తెలుసు. "బిడ్డను వదిలేసి వచ్చినాడు."

13వ రోజు

పొద్దున ఒకమ్మాయి వచ్చి గుమ్మంలో నిలబడింది. ముప్పై ఏళ్ళుంటాయి. కళ్ళ కింద నల్లటి చారలు. ఎవరో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది. కాశింబీ, దస్తగిరి కూతురు. వాడి ఇంటివాళ్ళెవరూ నాకు ఎదురుపడకుండా ఇన్నేళ్ళూ చార్టు రాసుకున్నాను. చిన్నప్పుడు నా ఒళ్ళో కూర్చుని నా చార్టు మీద బొమ్మలు గీసేది. వాళ్ళ నాన్న నన్ను అక్కా అనేవాడు కాబట్టి నేను దీనికి అత్తను.

"అత్తా, నేనేం జెప్పగూడదు. నాకు దెల్సు," అంది.

"మరి ఎందుకొచ్చినావు?"

"నువ్వొక్కసారి వచ్చి సూడు. అంతే. నాయనను దిగువ గనికి నడిపియ్యల్ల అంటే..." అని ఆగిపోయింది. నోరు నొక్కుకుంది.

"నడవలేడా? నా బిడ్డ నడవగలిగిందా ఆ పొద్దు?"

నా గొంతు నాకే పరాయిదిలా వినపడింది. ఆ పిల్ల వెనక్కి తిరిగింది. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, "రోజూ తొమ్మిదిన్నరకు గేటుకాడ ఉంటాడు," అంది.

అది కబురు మోయడం కిందికే వస్తుంది. నెల రోజులు దానికి స్నానం నీళ్ళు ఆపాలి. శిక్షల చిట్టాలో రాయకుండా వదిలేశాను. ఇరవై రెండేళ్ళలో ఇదే మొదటిసారి.

15వ రోజు

రెండు రోజులుగా చార్టులో తప్పులు పోతున్నాయి. ఒకే మనిషికి రెండుచోట్ల డ్యూటీ వేశాను. మనసులో ఉన్నది కాగితం మీద పెడితే గానీ కుదరదు.

పద్నాలుగేళ్ళ కిందట నా కూతురు శివలీలకు పందొమ్మిది. తెల్లవారుజామున నాలుగింటికి, ఎండకు ఒళ్ళు చల్లగా ఉంచే మంచుపలకల కోటు తొడుక్కుని, దస్తగిరితో కలిసి కొండ అవతలి సోలార్ పలకల దగ్గరికి వెళ్ళింది. వాళ్ళిద్దరినీ జంటగా చార్టులో వేసింది నేనే. పదింటికి గేటు పడుతుంది. పది దాటాక తెరిస్తే బయటి వేడికి లోపలి గాలి పాడవుతుంది. ఎవరి కోసమూ తెరవరు. ఆ రోజు గాలి దుమారం లేచింది. పది కావడానికి నాలుగు నిమిషాల ముందు దస్తగిరి వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. "ఎనకనే వస్తాంది, ఎనకనే వస్తాంది," అన్నాడట. గేటు పడింది. మర్నాడు తెల్లవారుజామున దాన్ని మోసుకొచ్చారు. పలక దగ్గర తాళ్ళు కొత్తగా బిగించి ఉన్నాయన్నారు. దానికి ఇంకొకరు కట్టిన ముడి నచ్చేది కాదు. విప్పి మళ్ళీ కట్టేది. అచ్చం నా మొండితనం.

పంచాయతీ అడిగితే దస్తగిరి ఒక్కటే మాట చెప్పాడట. "నేను ముందొచ్చినా." అంతే. తల ఎత్తలేదట. ఆ సాయంత్రమే నేను ఎడం రాసుకున్నాను. అప్పటినుంచి వాడి ముఖం చూడలేదు. నేను ఎడం రాయించిన మనిషి డ్యూటీ నేను రాయకూడదు కాబట్టి ఆ ఒక్క వరస ఉరుకుందప్ప రాస్తాడు. పైన కాగితం అంటించి ఇస్తాడు. ఆ కాగితం కింద ఏముందో నేనెప్పుడూ గిల్లి చూడలేదు. అంత నిజాయితీ నాది.

16వ రోజు

బల్ల సొరుగులోంచి మాట చీటీలు తీశాను. ఎడం పడ్డ మనిషి ఒక్కసారి మాట్లాడాలనుకుంటే చీటీ రాసి చార్టు మనిషికి ఇవ్వాలి. చార్టు మనిషి వెళ్ళి అవతలి వాళ్ళను అడగాలి. దస్తగిరి మూడు పెట్టాడు. మూడుసార్లూ నన్ను నేనే అడిగాను, వద్దని నేనే చెప్పాను. మీద "నిరాకరణ" అని ముద్ర కొట్టాను.

మొదటిది నెల తిరక్కుండానే వచ్చింది. "అక్కా ఒక్కసారి కనపడాల. పాప చెప్పమన్న మాట ఒకటుంది." రెండోది అయిదేళ్ళ తర్వాత. అదే మాట. మూడోది మూడేళ్ళ కిందటిది. అక్షరాలు కొండ దిగుతున్నట్టు వంకరపోయాయి. "అక్కా పాప మాట" అని రాసి ఆపేశాడు. వాక్యం పూర్తి చేయడానికి కూడా బద్ధకమా అని అప్పట్లో తిట్టుకున్నాను.

చెప్పమన్న మాట. ఇన్నేళ్ళూ ఆ రెండు ముక్కలూ చూసి సాకులు చెప్పడానికి ఎత్తు వేశాడనుకున్నాను. ఇవాళ మొదటిసారి ఇంకోలా చదివాను. నా బిడ్డ నిజంగానే ఏదో చెప్పమంటే? వాడు దిగువ గనికి పోయాడంటే ఆ మాట వాడితోనే పోతుంది.

వాణ్ణి క్షమించాలని నాకేం లేదు. ఆ మాట మాత్రం కావాలి.

20వ రోజు

వెళ్ళాను.

గడువు రోజుల్లో రాయించిన వాళ్ళు అవతలి మనిషి దగ్గరికి వెళ్ళొచ్చు. తొమ్మిదిన్నరకు మూడో సొరంగం చివరికి చేరాను. గేటు డ్యూటీలో ఉన్నాడేమో అనుకున్నాను. డ్యూటీ కాదు. గేటు పక్క రాతి అరుగు మీద ఒక ముసలివాడు కూర్చుని ఉన్నాడు. నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు, తండ్రిలా కనిపించాడు. మంచుపలకలు లేని ఖాళీ కోటు తొడుక్కుని, గుండీలు ఒకదాని బదులు ఇంకొకటి పెట్టుకున్నాడు. పక్కన కాశింబీ నిలబడి ఉంది.

నన్ను చూడగానే వాడి ముఖం వెలిగింది.

"అక్కా! వచ్చినావా? పాప ఇంగా రాలే అక్కా. టయిము సూడు. గేటేస్తారు."

నాకు అర్థం కాలేదు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. చీటీలు ముఖాన చూపించి, "ఏం జెప్పమనింది? రాసినావు కదా. చెప్పు," అన్నాను.

వాడు కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎవురు రాసింది? పాప పైనుండాది కదక్కా. వస్తే నువ్వే అడుగు." మళ్ళీ గేటు వైపు తిరిగాడు. "నేనెందుకు ముందొస్తినో... ఎందుకొస్తినక్కా నేను?"

"చచ్చిపాయ!" అని అరిచాను. "పద్నాలుగేండ్లాయె చచ్చిపోయి! నువ్వొదిలేసి వస్తే చచ్చిపాయ!"

ఆ మాట వాడు అప్పుడే మొదటిసారి విన్నట్టు విన్నాడు. అది నా కళ్ళతో చూశాను. అరుగు మీంచి జారి, నేల మీద మోకాళ్ళు ముడుచుకుని, నోరు తెరిచి, శబ్దం రాకుండా ఏడ్చాడు. ఆ రోజు దాన్ని మోసుకొచ్చినప్పుడు నేను ఏడ్చింది కూడా అలాగే. సైరన్ మోగింది. గేటు పడింది. ఆ చప్పుడుకి పసిపిల్లాడిలా ఉలిక్కిపడ్డాడు.

కాశింబీ వాడిని లేపుతూ నా వైపు చూడకుండా చెప్పింది. "ఆ మాట మేమెవురమూ జెప్పలేదత్తా. మతి తప్పినాక మూడేండ్లుగా దినామూ ఈన్నే కూసుంటాడు. పాప ఇంటికి వచ్చేసింది నాయనా అంటే నమ్మడు. వాళ్ళమ్మ వచ్చి చెప్తేనే లేస్తా అంటాడు."

వాళ్ళమ్మ ఈ గనిలోనే ఉంది. రెండు వందల అడుగుల దూరంలో. ఎవరూ పిలవకూడదు. నేనే రాసుకున్నాను.

21వ రోజు

మంచం దిగలేదు. చార్టు నిన్నటిదే మళ్ళీ పంపాను. ఉరుకుందప్ప వచ్చి చూసి వెళ్ళబోయాడు.

"నీకు దెల్సు కదప్పా. మూడేండ్లుగా నీకు దెల్సు," అన్నాను.

"దెల్సు."

"ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెప్తే నా నీళ్ళు ఆపుతావని గాదు మద్దిలేటమ్మా," అన్నాడు. "నువ్వు ఇంటావని అనుకోలే."

నిజమే. ఏ ఏడాదిలో చెప్పినా వినేదాన్ని కాదు. నటిస్తున్నాడు, నా జాలి కోసం ఏడుస్తున్నాడు అనేదాన్ని. పద్నాలుగేళ్ళు వాడి మీద కోపాన్నే పట్టుకుని బతికాను. పొద్దున లేవగానే అది ఉండేది, పడుకునేటప్పుడూ ఉండేది. ఇప్పుడు దాన్ని ఎవరి మీద పెట్టాలి? నేను ద్వేషించిన మనిషి ఎక్కడా లేడు. నా బిడ్డ కోసం నాకంటే ఎక్కువగా ఎదురుచూసే ముసలివాడు ఒకడు మిగిలాడు. గేటు పడిన రోజు మధ్యాహ్నానికే నేను ఆశ వదిలేశాను. వాడు ఇంకా వదల్లేదు.

నాకు సిగ్గేసింది. నిన్న ఆ మాట అలా అరిచినందుకు నా మీద నాకు అసహ్యం వేసింది.

22వ రోజు

తొమ్మిదిన్నరకు మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద అదే చోట, అదే కోటుతో ఉన్నాడు.

"అక్కా! వచ్చినావా? పాప ఇంగా రాలే అక్కా."

మొన్న నేను అరిచింది వాడి తలలో ఏమీ మిగల్లేదు. పక్కన కూర్చున్నాను. నా బిడ్డ గురించి అబద్ధం చెప్పడానికి వచ్చాను. అందులోనూ ఇన్నేళ్ళూ నేను కలలో తప్ప వినని అబద్ధం.

"వచ్చింది, దస్తగిరీ," అన్నాను. "ఇంట్లో ఉండాది. సద్ది తింటాంది."

వాడు నా ముఖంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. భుజాలు కిందికి దిగాయి. ఊపిరి వదిలాడు, అంత పొడుగు ఊపిరి మనిషిలో ఉంటుందని నాకు తెలియదు.

"యా దావన వచ్చింది? నేను సూడలే."

"నువ్వట్ల తిరిగినప్పుడు వచ్చింది."

"అలిసిపోయింటాది. అరవొద్దక్కా దాన్ని." కోటు గుండీలు విప్పుకోవడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి, భయంభయంగా అడిగాడు. "నన్నేమన్నా అనిందా?"

నేను అడగాలని వచ్చిన ప్రశ్న అది. అదే వాడు నన్ను అడుగుతున్నాడు. కాశింబీ ముఖం పక్కకు తిప్పుకుంది.

"నిన్నేమంటాది? నువ్వు ముందు పో మామా, ముడేసి వస్తా అని తానే పంపించిందంట కదా."

వాడు తల ఊపాడు. "అవునక్కా. అట్లే అనింది."

ఆ మాట నేను ఒక నిమిషం కిందట కల్పించింది. నిజంగానే అది అలా అన్నదా? ఆ చీటీల్లో మాట ఇదేనా? వాడి చెయ్యి పట్టుకుని, "నిజంగా అనిందా? ఇంకేమనింది?" అని అడిగాను. వాడు నవ్వి, "ఇంట్లో ఉండాది కదా, నువ్వే అడుగు," అని లేచాడు. మూడేళ్ళలో గేటు పడకముందే లేచింది ఇదే మొదటిసారని కాశింబీ చెప్పింది. కూతురి భుజం పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

23వ రోజు

ముప్పై ఎనిమిదో ఎడం కొట్టేశాను. ఉరుకుందప్ప సాక్షి. పద్ధతి ప్రకారం దస్తగిరి ఎదురుగా నిలబడి, "ఎడం తీసేస్తున్నా," అని నోటితో చెప్పాను. వాడికి అర్థం కాలేదు. సంతకం చేయమని పెన్సిల్ ఇస్తే, "దేనికక్కా?" అన్నాడు.

"పాప ఇంటికి వచ్చిందని."

ఆ మాటకు సంతోషంగా సంతకం చేశాడు. అక్షరాలు గడి దాటి పక్క పేజీలోకి పోయాయి.

క్షమించానా అని నన్ను నేను అడుగుతున్నాను. వాడు నన్ను క్షమాపణ అడగలేదు. తప్పు చేశాడో లేదో కూడా నాకు ఇప్పుడు తెలియదు. అడిగిన రోజుల్లో నేను ముద్ర కొట్టాను. నన్ను క్షమించమని అడుగుదామంటే వినడానికి వాడు లేడు. ఎవరికి ఎవరు బాకీ అన్నది ఇక తేలదు. వాడికి అన్నం తినిపిస్తే మాత్రం తింటున్నాడు.

26వ రోజు

ఇవాళ ఒక పాడుపని చేశాను. రాయకపోతే నిద్ర పట్టదు.

నాలుగు రోజులుగా వాడు అడగడం, నేను చెప్పడం, "అవునక్కా, అట్లే అనింది" అనడం. ఆ మాట పట్టుకుని నేను బతకడం మొదలుపెట్టాను. ముందు పో మామా, ముడేసి వస్తా. దాని గొంతులో వినిపించేది. నిజమని తేల్చుకోవాలన్న ఆశ పుట్టింది. ఇవాళ మాట మార్చాను. "మా అమ్మకు చెప్పు మామా, ఆకలైతాంది అని, అనిందంట కదా," అన్నాను.

"అవునక్కా," అన్నాడు. "అట్లే అనింది."

అదే తల ఊపడం, అదే నవ్వు.

30వ రోజు

గడువు అయిపోయింది. తొంభై ఏడులో మిగిలినవి ఎనిమిది. తొమ్మిదిమంది దిగువ గనికి బయలుదేరారు, అవతలి మనిషి ఆఖరి గంటలో ఎడం తీసేయడంతో ఒకతను తిరిగొచ్చాడు. కొత్త చార్టు మూడో సొరంగంలో సరిపోయింది. రెండో ఫ్యానుకు ఆయిల్ వేశారు, గురక తగ్గింది. బయట ఉదయం ఐదింటికి నలభై ఆరు.

మాట చీటీలకు కొత్త పద్ధతి పెట్టమని పంచాయతీకి రాశాను. ఎడం ఉన్నా లేకపోయినా, చనిపోయిన వాళ్ళు చెప్పమన్న మాటకు ఎవరూ నిరాకరణ ముద్ర వేయకూడదు. ఒప్పుకున్నారు. నాకు ఒరిగేదేమీ లేదు. నా బిడ్డ ఏమన్నదో చెప్పగలిగిన మనిషి పదకొండేళ్ళు గోడ అవతలే ఉన్నాడు. నేను వినలేదు.

దస్తగిరి వరస మీద అంటించిన కాగితం పీకేశాను. వాడి గడులు ఇప్పుడు నేనే నింపుతున్నాను. దాని కింద నా వరసలో కూడా ఒక డ్యూటీ వేసుకున్నాను. రోజూ తొమ్మిదిన్నరకు, గేటు దగ్గర. శివలీల ఇంటికి వచ్చిందని చెప్పాలి.